ఐక్యరాజ్యసమితి శాంతి సేనలు నిజంగా ప్రాణాలు కాపాడుతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి, గాజా తర్వాత మరీ ఎక్కువగా, మనవాళ్ల నోట ఒక మాట బాగా వినిపిస్తోంది: "ఐక్యరాజ్యసమితి దండగ. ఎక్కడ ఏ యుద్ధం ఆపింది?" ఆ కోపం నాకు అర్థమవుతుంది. రోజూ టీవీలో పసిపిల్లల శవాలు చూస్తూ కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కొన్నేళ్లుగా ఈ విషయం చదువుతున్నాను, మిషన్లలో పనిచేసి వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నాను. జనం నన్ను మళ్లీ మళ్లీ అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

సూటిగా చెప్పండి. శాంతి సేనల వల్ల ప్రపంచం సురక్షితంగా ఉందా, లేదా?

వాళ్లు లేకపోతే ఉండేదానికంటే సురక్షితంగానే ఉంది. అన్నిచోట్లా అని అనను. రెండు వర్గాలూ పోరాడి అలసిపోయి, ఏదో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి, "మేం తుపాకులు దించితే వాళ్లు దించుతారా?" అని ఒకరినొకరు అనుమానంగా చూసుకునే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో మధ్యలో వచ్చి నిలబడే మనిషి చాలా పెద్ద పని చేస్తాడు. యుద్ధం జోరుగా సాగుతున్నప్పుడు అదే మనిషిని తీసుకెళ్లి మధ్యలో నిలబెడితే, చాలాసార్లు ఏమీ చేయలేడు.

ఇంకో విషయం. శాంతి సేనల చరిత్రలో సిగ్గుపడాల్సిన ఘట్టాలు ఉన్నాయి. వాటి గురించి కింద దాచకుండా రాశాను. ఒక్కొక్కటే తిరగేసి చూస్తే, ప్రాణనష్టం ఎక్కువగా జరిగింది సేనలు ఉన్న చోటు వదిలేసి వచ్చినప్పుడు, లేదా ఉండి కూడా కదలనప్పుడు. అందుకే "దండగ కాబట్టి ఎత్తేయండి" అనే మాట వింటే నాకు భయమేస్తుంది.

ఐరాసకు సొంత సైన్యం ఉందా?

లేదు. ఒక్క జవాను కూడా లేడు. భద్రతా మండలి తీర్మానం చేస్తుంది, సభ్య దేశాలు తమ సైనికులను, పోలీసులను అప్పుగా ఇస్తాయి. యూనిఫాం వాళ్ల దేశానిదే, తలమీద టోపీ మాత్రం నీలం.

ఈ పద్ధతి ఐరాస చార్టర్‌లో రాసి లేదు. "శాంతి పరిరక్షణ" అనే మాటే అందులో కనిపించదు. 1948లో పాలస్తీనాలో కాల్పుల విరమణను గమనించడానికి ఆయుధాలు లేని పరిశీలకులను పంపడంతో మొదలైంది. ఆయుధాలతో తొలి దళం 1956లో ఈజిప్టులో సూయజ్ కాలువ గొడవప్పుడు వెళ్లింది. కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్, ఐరాస ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ కలిసి రోజుల వ్యవధిలో దానికి రూపం ఇచ్చారు. నీలం టోపీలు కుట్టించే టైం కూడా లేక, అమెరికా సైన్యం దగ్గరున్న ప్లాస్టిక్ హెల్మెట్ లైనర్లకు నీలం రంగు కొట్టించి పంపారు. ఆ రంగే ఈనాటికీ గుర్తుగా నిలిచిపోయింది.

అప్పటి నుంచి 70కి పైగా మిషన్లు నడిచాయి. 2025 నాటికి నడుస్తున్నవి 11.

అక్కడ వాళ్లు రోజూ చేసే పనేమిటి? యుద్ధమేనా?

యుద్ధం చేయడం చాలా అరుదు. ఎక్కువ రోజులు గస్తీ, కాపలా, లెక్కలు రాయడం, మాటలతో గొడవ సర్దడం. అప్పగించిన తుపాకులను తీసుకుని లెక్కగట్టి ధ్వంసం చేయడం. మందుపాతరలు తీయడం. ఓటరు జాబితాలు, బ్యాలెట్ పెట్టెలు మోసుకెళ్లడం. ఊళ్లో పోలీసులకు శిక్షణ ఇవ్వడం.

మా ఊళ్లో ఆర్మీలో పాతికేళ్లు చేసి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. కాంగోలో ఒక ఏడాది ఉన్నాడు. అక్కడ ఏం చేశావు బాబాయ్ అంటే, "నిలబడ్డాన్రా" అన్నాడు. తెల్లవారకముందే తెల్లబండి వేసుకుని వెళ్లి, ఊరికీ పొలాలకీ మధ్య రోడ్డు మలుపులో ఆపేవాళ్లట. బండి కనిపించాకే ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేవాళ్లు, కట్టెలకు, దుంపలకు. సాయంత్రం చివరి మనిషి ఊళ్లోకి వెళ్లేదాకా బండి అక్కడే ఉండేది. ఒకసారి డీజిల్ రాక మూడు రోజులు బండి వెళ్లలేదు. ఆ మూడు రోజులూ ఊళ్లోంచి ఎవరూ పొలానికి పోలేదు, నాలుగోరోజు పిల్లలు క్యాంపు గేటు దగ్గరికే వచ్చి కూర్చున్నారు. ఆయన ఒక్క తూటా కూడా పేల్చకుండా తిరిగొచ్చాడు. ఆ ఏడాదిలో ఎంతమందిని కాపాడావంటే చెప్పలేడు, ఎవరూ చెప్పలేరు. ఈ పనిలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది.

జరగని యుద్ధాన్ని ఎవరు లెక్కపెడతారు? పనిచేస్తోందని రుజువేమిటి?

మంచి ప్రశ్న, పరిశోధకులు కూడా చాలాకాలం దీంతోనే కుస్తీ పట్టారు. పైపైన చూస్తే శాంతి సేనలు ఉన్నచోటే ఎక్కువ హింస కనిపిస్తుంది. ఆ లెక్కన పెద్దాసుపత్రి ఐసీయూలో ఎక్కువమంది చనిపోతారు కాబట్టి ఐసీయూ ప్రమాదకరం అనాలి. కేసు ముదిరినచోటికే వాళ్లను పంపుతారు. తేలిగ్గా సర్దుకునే గొడవలకు ఎవరూ శాంతి సేనను పిలవరు.

అమెరికా రాజకీయ శాస్త్రవేత్త వర్జీనియా పేజ్ ఫోర్ట్‌నా ఈ తేడాను లెక్కలోకి తీసుకునే చూసింది. అంతర్యుద్ధం ఆగాక శాంతి సేన ఉన్న దేశాలను, లేని దేశాలను పోల్చింది. సేన ఉన్నచోట యుద్ధం తిరిగి మొదలయ్యే ప్రమాదం సగానికి పైగా తగ్గుతోందని తేలింది. లీసా హుల్ట్‌మన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు పౌరుల మరణాలను చూశారు. పంపిన సైనికులు, పోలీసుల సంఖ్య ఎంత పెరిగితే మరణాలు అంత తగ్గుతున్నాయి. నామమాత్రంగా పది మంది పరిశీలకులను పంపి చేతులు దులుపుకుంటే మాత్రం అంత ఫలితం లేదు. వేర్వేరు పద్ధతుల్లో వేర్వేరు మనుషులు చేసిన లెక్కలు ఒకే వైపు చూపిస్తున్నాయి. నా నమ్మకానికి ఆధారం ఇదే.

బాగా పనిచేసిన మిషన్ ఒక్కటి చెప్పండి.

ఒక్కటి కాదు. నమీబియా, ఎల్ సాల్వడార్, మొజాంబిక్, తూర్పు తైమూర్, లైబీరియా, ఐవరీ కోస్ట్. ఇవి వార్తల్లో కనిపించవు. కనిపించకపోవడమే వాటి విజయం.

నమీబియాలో 1989 ఏప్రిల్ 1న మిషన్ మొదలైన రోజే అంతా కుప్పకూలబోయింది. సరిహద్దు దాటి వచ్చిన, స్వాతంత్ర్యం కోసం పోరాడే స్వాపో గెరిల్లాలకూ, దేశాన్ని తన చేతిలో పెట్టుకున్న దక్షిణాఫ్రికా బలగాలకూ పోరు జరిగి వందలమంది చనిపోయారు. అయినా మిషన్ వెనక్కి రాలేదు. అక్కడి సైనిక దళానికి అధిపతి మన లెఫ్టినెంట్ జనరల్ దివాన్ ప్రేమ్‌చంద్. ఆ నవంబరులో ఎన్నికలు జరిగాయి, 1990 మార్చి 21న దేశం స్వతంత్రమైంది, మిషన్ సామాన్లు సర్దుకుని ఇంటికొచ్చింది.

సియెర్రా లియోన్ కథ మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఓటమి, గెలుపు రెండూ అందులోనే ఉన్నాయి. 1999 జులైలో టోగో రాజధాని లోమేలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ ఒప్పందం కుదిరింది. ఆర్‌యూఎఫ్ అనే తిరుగుబాటు సంస్థ చేతిలో వజ్రాల గనులు ఉన్నాయి, చిన్నపిల్లల చేతిలో తుపాకులు పెట్టింది, మనుషుల చేతులు నరికింది. 2000 మే నెలలో వీళ్లు దాదాపు 500 మంది శాంతి సైనికులను బందీలుగా పట్టుకున్నారు. ప్రపంచమంతా "అయిపోయింది, ఇంకో రువాండా" అనుకుంది. సేనాధిపతి భారత మేజర్ జనరల్ విజయ్ జేట్లీ. తూర్పు మూలన కైలాహున్‌లో రెండు వందలమందికి పైగా భారత జవాన్లను చుట్టుముట్టారు.

జవాన్ల చేతిలో ఆయుధాలు ఉన్నాయి. వాటిని ఇచ్చేసి ప్రాణాలతో వెళ్లిపొమ్మన్నారు ఆర్‌యూఎఫ్ వాళ్లు. ఆ గూర్ఖా జవాన్లు ఇవ్వలేదు. రెండు నెలలకు పైగా, వాన కురుస్తుంటే, రేషన్ తగ్గుతుంటే, ఆ క్యాంపులోనే ఉండిపోయారు. జులై మధ్యలో ఆపరేషన్ ఖుక్రీ జరిగింది. పొగమంచులో హెలికాప్టర్లు దిగాయి, అడవి దారిలో ఒక వరుస ముందుకు నడిచింది, ముట్టడి తెగింది. ఒక హవల్దార్ ప్రాణం పోయింది. మిగతా అందరూ బయటపడ్డారు.

అంతకుముందు మేలోనే బ్రిటన్ తన సైన్యాన్ని దించింది. భద్రతా మండలి ఈసారి మిషన్‌ను తగ్గించలేదు, పెంచింది. 17,500 మంది దాకా పెంచింది. 70 వేలమందికి పైగా ఆయుధాలు అప్పగించారు, వాళ్లలో వేలమంది పిల్లలు. 2002లో యుద్ధం ముగిసిందని ప్రకటించారు, ఆ మేలో ఎన్నికలు జరిగాయి. 2005 చివర్లో శాంతి సేన వెళ్లిపోయింది. ఇప్పటిదాకా అక్కడ అంతర్యుద్ధం తిరిగి రాలేదు. దెబ్బ తగిలాక వెనక్కి తగ్గకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క దేశాన్ని చూడండి.

మరి రువాండా?

రువాండా గురించి రాస్తుంటే చెయ్యి వణుకుతుంది.

1994 జనవరి 11న, అంటే హుటు తెగ తీవ్రవాదులు టుట్సీ తెగవాళ్లను ఊచకోత కోసిన నరమేధానికి మూడు నెలల ముందు, రాజధాని కిగాలీలోని ఐరాస సేనాధిపతి, కెనడా జనరల్ రోమియో డలైర్, న్యూయార్క్‌లోని ఐరాస కార్యాలయానికి సందేశం పంపాడు. లోపలి మనిషి ఒకడు ఆయుధాల గోదాముల జాడ చెప్పాడని, టుట్సీల జాబితాలు తయారవుతున్నాయని, తాను దాడి చేసి ఆ ఆయుధాలు పట్టుకుంటానని. వద్దని జవాబు వచ్చింది. నీ అధికార పరిధి దాటుతున్నావన్నారు.

ఏప్రిల్ 6 రాత్రి దేశాధ్యక్షుడి విమానాన్ని కూల్చేశారు. మర్నాడు పదిమంది బెల్జియం సైనికులను చంపారు, బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది. కిగాలీలో ఎకోల్ టెక్నిక్ ఒఫిసియెల్ అనే బడి ఉండేది, అందులో బెల్జియం సైనికుల క్యాంపు. సుమారు 2,000 మంది ఆ గేటు లోపలికి వచ్చి తలదాచుకున్నారు. బయట రోడ్డుమీద కత్తులతో, బీరు సీసాలతో మిలీషియా కాచుకుని కూర్చుంది. ఏప్రిల్ 11న బండ్లు స్టార్ట్ చేశారు. జనం బండ్లకు అడ్డం పడుకున్నారు, మమ్మల్ని వదిలి వెళ్లకండని బతిమాలారు. బండ్లు వెళ్లిపోయాయి. ఆ రోజే వాళ్లలో అత్యధికులను న్యాంజా కొండ దగ్గరికి నడిపించి చంపేశారు.

పది రోజులకు భద్రతా మండలి సేనను 270కి తగ్గించమని తీర్మానించింది. ఆ నూరు రోజుల్లో సుమారు ఎనిమిది లక్షలమంది చనిపోయారు. మేలో 5,500 మందిని పంపుతామని ఇంకో తీర్మానం వచ్చింది, కానీ సైనికులు చేరేసరికి నరమేధం ముగిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అయితే ఆ కొద్దిమంది ఊరికే ఉండలేదు. డలైర్ తగ్గించమన్నంతగా తగ్గించకుండా నాలుగైదు వందలమందిని ఉంచేశాడు, ఎక్కువమంది ఘనా వాళ్లు. అమహోరో స్టేడియంలో వేలమందిని కాపాడారు. సెనెగల్‌కు చెందిన కెప్టెన్ ఎంబాయే డియాన్ అనే పరిశీలకుడు, చేతిలో తుపాకి కూడా లేకుండా, తన జీపులో నలుగురైదుగురిని ఎక్కించుకుని చెక్‌పోస్టులు దాటించేవాడు. ప్రతి చెక్‌పోస్టు దగ్గర కత్తులు పట్టుకున్న కుర్రాళ్లతో నవ్వుతూ మాట్లాడి, సిగరెట్లు పంచి, ముందుకు పోయేవాడు. మళ్లీ వెనక్కి, మళ్లీ ఇంకో నలుగురు. అలా వందలమంది బతికారు. మే 31న మోర్టార్ తునక తగిలి చనిపోయాడు. ఐరాస ఇప్పుడు అసాధారణ ధైర్యానికి ఆయన పేరుమీదే పతకం ఇస్తోంది.

ఒక్క మనిషి, ఒక్క జీపు వందలమందిని దాటించగలిగితే, వేలమంది ఉండి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించండి.

స్రెబ్రెనిట్సా కూడా అలాంటిదేనా?

కాస్త వేరు. 1993 ఏప్రిల్‌లో బోస్నియాలోని ఆ పట్టణాన్ని భద్రతా మండలి "సురక్షిత ప్రాంతం" అని ప్రకటించింది. సురక్షిత ప్రాంతాలన్నిటికీ కలిపి 34,000 మంది కావాలని సైనికాధికారులు అడిగితే, 7,600 మందికి ఒప్పుకున్నారు. స్రెబ్రెనిట్సాలో ఉన్నది కొన్ని వందలమంది డచ్ (నెదర్లాండ్స్) సైనికులు, తేలికపాటి ఆయుధాలతో. 1995 జులై 11న బోస్నియా సెర్బు సైన్యం వచ్చేసింది. ఆ తర్వాతి రోజుల్లో 8,000 మందికి పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపారు.

నన్ను ఎక్కువగా బాధించేది "సురక్షిత" అనే ఆ మాట. ఆ మాట నమ్మి జనం అక్కడే ఉండిపోయారు. రక్షించే ఉద్దేశం, బలం లేనప్పుడు రక్షిస్తామని బోర్డు పెట్టడం పాపం. డచ్ దళం తన క్యాంపు లోపల ఉన్న మగవాళ్లను బయటికి పంపేసినందుకు 2019లో నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు తమ సొంత ప్రభుత్వాన్నే పాక్షికంగా బాధ్యురాలిగా తేల్చింది.

వాళ్లకు కాల్చే అధికారం లేదా?

ఇప్పుడు ఉంది. పాత నియమం ఆత్మరక్షణకే. రువాండా, స్రెబ్రెనిట్సా తర్వాత 1999 నుంచి దాదాపు ప్రతి పెద్ద మిషన్‌కూ, పౌరులమీద దాడి జరగబోతుంటే బలం వాడవచ్చని రాసిస్తున్నారు. కాగితం మీద ఉన్నా, ఆచరణలో ఇబ్బంది ఉంది. ప్రతి దళానికీ తన దేశ రాజధాని నుంచి వేరే ఫోన్ వస్తుంది: రాత్రిపూట బయటికి వెళ్లొద్దు, ఫలానా రోడ్డు దాటొద్దు. సేనాధిపతి ఒకటి చెబితే దళం ఇంకొకటి చేస్తుంది. మిషన్లలో పనిచేసినవాళ్లు ఎవరిని కదిపినా మొదట చెప్పేది ఇదే.

కాపాడటానికి వెళ్లినవాళ్లే హాని చేస్తే?

చేశారు. కంచే చేను మేసింది.

హైతీలో 2010 జనవరిలో భూకంపం. ఆ అక్టోబరులో కలరా. శతాబ్ద కాలంగా ఆ దేశంలో కలరా నమోదైన దాఖలా లేదు. మీర్‌బలే దగ్గరున్న నేపాల్ దళం క్యాంపు నుంచి మరుగునీరు వాగులో కలిసి, అక్కడి నుంచి ఆర్తిబోనీత్ నదిలోకి వెళ్లింది. సుమారు పదివేలమంది చనిపోయారు. ఐరాస ఆరేళ్లు బాధ్యత ఒప్పుకోలేదు. 2016 డిసెంబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పాడు, నష్టపరిహార నిధికి 40 కోట్ల డాలర్లు కావాలన్నాడు, దేశాలు ఇచ్చింది అందులో చిన్న ముక్క. ఒక సెప్టిక్ ట్యాంకు సరిగ్గా కట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

లైంగిక దోపిడీ ఇంకా నీచమైనది. ఆకలితో ఉన్న ఆడపిల్లలను బిస్కెట్ ప్యాకెట్ కోసం, రెండు డాలర్ల కోసం వాడుకున్న ఘటనలు కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, హైతీల్లో బయటపడ్డాయి. కాంగోలో మన జవాన్లమీద కూడా ఆరోపణలు వచ్చాయి, మన సైన్యం విచారణ జరిపింది. చిక్కేమిటంటే తప్పు చేసిన సైనికుడిని శిక్షించే అధికారం ఐరాసకు లేదు, అతని సొంత దేశానిదే. చాలా దేశాలు ఇంటికి పంపించి ఊరుకుంటాయి. 2016 తీర్మానం తర్వాత ఆరోపణలు పెరిగితే దళం మొత్తాన్నే వెనక్కి పంపే వీలు కల్పించారు. అది చాలదు. నేరం జరిగిన దేశంలోనే, బాధితురాలి కళ్లముందే విచారణ జరిగేదాకా దీన్ని న్యాయం అనలేను.

కాంగోలో 25 ఏళ్లుగా ఉన్నారు. ఏం ఒరిగింది?

తక్కువ. 1999లో వెళ్లారు. 2012లో గోమా పట్టణం ఎం23 అనే తిరుగుబాటు సంస్థ చేతికి పోతుంటే వేలమంది శాంతి సైనికులు ఆపలేకపోయారు. అవమానంతో 2013లో దాడి చేసే అధికారం ఉన్న ప్రత్యేక బ్రిగేడ్ పెట్టారు, అదే ఏడాది ఎం23 ఓడింది. 2025 జనవరిలో ఎం23 మళ్లీ గోమాను పట్టుకుంది. వెనక రువాండా ఉందని ఐరాస నిపుణులే రాశారు. పక్కదేశం ఆయుధాలు పంపుతుంటే, గనుల్లో డబ్బు పారుతుంటే, రాజధాని ప్రభుత్వం చేతకానిదైతే, మధ్యలో నిలబడినవాడు ఎంతకాలం నిలబడతాడు?

అక్కడి జనానికీ విసుగొచ్చింది. 2022 జులైలో బుటెంబోలో నిరసనకారులు క్యాంపుమీద పడ్డారు. ఇద్దరు మన బీఎస్ఎఫ్ జవాన్లు చనిపోయారు. జనాన్ని తప్పుపట్టలేను, ఆ జవాన్ల కుటుంబాల ముఖం చూడలేను.

సైప్రస్‌లో అరవై ఏళ్లు దాటింది. అది పరిష్కారమా?

కాదు, గొడవను ఫ్రీజ్‌లో పెట్టడం. గ్రీకు, టర్కిష్ వర్గాలను విడదీసే 180 కిలోమీటర్ల మధ్యస్థ ప్రాంతంలో నికోసియా పాత విమానాశ్రయం 1974 నుంచి అలాగే ఉంది, అక్కడ ఒక పాత విమానం తుప్పు పడుతోంది. సేన ఉంది కాబట్టి నాయకులకు రాజీపడే తొందర లేదన్న విమర్శలో నిజముంది. కానీ 1974 తర్వాత అక్కడ పెద్ద యుద్ధం లేదన్నదీ నిజమే. పరిష్కారం లేని శాంతి కావాలా, పరిష్కారం కోసం యుద్ధం కావాలా అని ఆ ఊరి తల్లులను అడిగితే ఏమంటారో నాకు తెలుసు. మన జనరల్ తిమ్మయ్య ఆ సేనకు అధిపతిగా ఉండగానే 1965 డిసెంబరులో అక్కడే చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం సైప్రస్ తపాలా బిళ్ల వేసింది.

ఉక్రెయిన్‌కు, గాజాకు ఎందుకు వెళ్లలేదు?

వీటో. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఏ ఒక్కటి చెయ్యి అడ్డం పెట్టినా మండలి కదలదు. పెద్ద దేశం స్వయంగా యుద్ధంలో ఉన్నప్పుడు, లేదా దాని దగ్గరి మిత్రదేశం ఉన్నప్పుడు, ఈ యంత్రం పనిచేయదు. అలా పనిచేయకుండానే 1945లో తయారుచేశారు. కాబట్టి "గాజాలో ఏం పీకారు?" అని నీలి టోపీని అడగడం, తాళం ఇంకొకరి దగ్గర పెట్టి తలుపు తీయలేదని వాచ్‌మన్‌ను తిట్టడం లాంటిది.

శ్రీలంకకు వెళ్లిన మన శాంతి సేన ఐరాసదేనా?

కాదు. చాలామంది కలిపేస్తారు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె చేసుకున్న ఒప్పందం ప్రకారం వెళ్లినది, పూర్తిగా భారత సైన్యం. నిష్పక్షపాతంగా నిలబడాల్సినవాళ్లు నెలల్లోనే ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగారు. వెయ్యిమందికి పైగా జవాన్లు పోయారు, 1990 మార్చిలో తిరిగొచ్చారు. ఆ రోజుల్లో మన ఊళ్లకూ శవపేటికలు వచ్చాయి. పొరుగున ఉన్న పెద్ద దేశం శాంతి సేన పాత్ర వేస్తే ఎంత కష్టమో అది చెబుతుంది.

హైదరాబాద్ కేసు కూడా ఐరాసకు వెళ్లిందట, నిజమేనా?

నిజమే. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది. పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకున్నది 16న. 17న నిజాం లొంగిపోయాడు. ఆపైన నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. మండలి వేగానికీ నేలమీది వేగానికీ ఉండే దూరం మనవాళ్లు మొదట్లోనే చూశారు.

కశ్మీర్‌లో ఐరాస పరిశీలకులు ఇంకా ఉన్నారా?

ఉన్నారు, 1949 నుంచి. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత వాళ్ల పని అయిపోయిందని భారత్ వైఖరి. కొద్దిమంది పరిశీలకులే. నియంత్రణ రేఖ దగ్గర పరిస్థితి మీద వాళ్ల ప్రభావం నాకు కనిపించదు.

భారత్ ఎందుకు పంపుతుంది? డబ్బు కోసమేనా?

ఒక్కో సైనికుడికి నెలకు 1,400 డాలర్ల పైచిలుకు ఐరాస ప్రభుత్వానికి చెల్లిస్తుంది. పేద దేశాలకు అది లెక్కే. మనలాంటి పెద్ద సైన్యానికి అది ముఖ్య కారణం కాదు, పైగా ఆ సొమ్ము చాలాసార్లు ఏళ్ల తరబడి బాకీ ఉంటుంది. మన కారణాలు వేరు: కొరియా, కాంగో కాలం నుంచి వచ్చిన సంప్రదాయం, మండలిలో శాశ్వత స్థానం కావాలన్న కోరిక, సైన్యానికి బయటి అనుభవం. ఇప్పటిదాకా రెండు లక్షల తొంభైవేల దాకా వెళ్లారు, ఏ దేశమూ ఇంతమందిని పంపలేదు.

ఈ విషయంలో నాకు గర్వం కలిగించేది లైబీరియా. 2007లో సీఆర్‌పీఎఫ్ మహిళలతో కూడిన పోలీసు దళం మన్రోవియాకు వెళ్లింది. ఐరాస శాంతి సేనల చరిత్రలో తొలి పూర్తి మహిళా పోలీసు దళం. రాత్రి గస్తీలో యూనిఫాం వేసుకున్న ఆడవాళ్లు కనిపిస్తుంటే, జరిగింది చెప్పుకోవడానికి ఆడపిల్లలు ముందుకు వచ్చారు. లైబీరియా పోలీసుల్లో చేరిన ఆడవాళ్ల సంఖ్య కూడా పెరిగింది.

ఇంకో మాట మనసులో కెలుకుతుంది. ఆదేశాలిచ్చే బల్ల దగ్గర శాశ్వతంగా కూర్చునేది ఐదు దేశాలు, చనిపోయేది భారత్, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్, రువాండా, ఘనా పిల్లలు. పంపేవాళ్ల మాట నిర్ణయం దగ్గర వినకపోవడం అన్యాయం.

దీనికి ఎంత ఖర్చవుతోంది?

2024-25 బడ్జెట్ 560 కోట్ల డాలర్లు. 2024లో ప్రపంచ దేశాల సైనిక ఖర్చు సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లు. ఆయుధాలకు, సైన్యాలకు వంద రూపాయలు పెడితే, దీనికి పెట్టేది దాదాపు 20 పైసలు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ మిషన్‌ను అమెరికా సైన్యమే స్వయంగా నడిపితే రెండింతలకు పైగా ఖర్చవుతుందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2018లో లెక్కగట్టింది.

ఆ దేశమే "పొండి" అంటే?

పోవాలి. 1967 మేలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ సేనను పొమ్మన్నాడు. అప్పటి సేనాధిపతి భారతీయుడు, జనరల్ ఇందర్‌జిత్ రిఖ్యే. ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ఒప్పుకున్నాడు. మూడు వారాలు తిరక్కుండానే, జూన్ 5న ఇజ్రాయెల్‌తో యుద్ధం. ఇంకా గాజాలోనే ఉన్న మన జవాన్లు కొందరు కాల్పుల్లో చనిపోయారు.

2023లో మాలి సైనిక ప్రభుత్వం కూడా అలాగే పంపించేసింది. అక్కడ మిషన్ పదేళ్లు నడిచింది, మూడు వందలమందికి పైగా సైనికులు పోయారు. 2025లో జిహాదీ సాయుధులు రాజధాని బమాకోకు పెట్రోలు, డీజిల్ చేరకుండా దారులు కట్టేశారు. సూడాన్‌లో దార్ఫుర్ మిషన్‌ను 2020 చివర్లో మూసేశారు. ఒకప్పుడు ఆ మిషన్ ప్రధాన కార్యాలయం ఉన్న ఎల్ ఫాషెర్ పట్టణం 2025 అక్టోబరులో ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం చేతికి చిక్కింది, ఊచకోతలు జరిగాయి. మిషన్ ఉంటే ఆపేదని నేను గ్యారంటీ ఇవ్వలేను. కానీ పారిపోయి తలదాచుకోవడానికి ఒక గేటు ఉండేది. 2013 డిసెంబరులో దక్షిణ సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు ఐరాస క్యాంపుల గేట్లు తీశారు. ఆ ముళ్లకంచెల లోపల, బురదలో, టార్పాలిన్ల కింద, రానురాను రెండు లక్షలమంది బతికారు. లోపలా దాడులు జరిగాయి, సైనికులు కదలని రోజులూ ఉన్నాయి. అయినా బతికారు.

ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది?

తగ్గుముఖం. 2014 తర్వాత కొత్తగా పెద్ద మిషన్ లేదు. ఖర్చులో నాలుగో వంతుకు పైగా భరించాల్సిన అమెరికా బకాయిలు పెట్టింది. 2025 అక్టోబరులో డబ్బు లేక, తొమ్మిది మిషన్లలో సుమారు నాలుగో వంతు, 13 నుంచి 14 వేలమంది సైనికులు, పోలీసులను తగ్గిస్తున్నామని ఐరాస ప్రకటించింది. 1978 నుంచి దక్షిణ లెబనాన్‌లో ఉన్న సేన 2026 డిసెంబరు 31తో ముగించాలని భద్రతా మండలి తీర్మానించింది. డబ్బు మిగిలిందని ఎవరైనా సంతోషిస్తే, రోడ్డు మలుపులో బండి రాని ఆ మూడు రోజులు గుర్తు చేసుకోమంటాను.

మా అబ్బాయి యూనిట్ మిషన్‌కు ఎంపికైంది. భయపడాలా?

ఈ ప్రశ్న తల్లిదండ్రుల నుంచి వస్తుంది, కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. 1948 నుంచి 4,400 మందికి పైగా శాంతి సైనికులు చనిపోయారు, వాళ్లలో సుమారు 180 మంది మనవాళ్లు, ఏ దేశానికీ లేనంత సంఖ్య. దాడులే కాదు, రోడ్డు ప్రమాదాలు, మలేరియా లాంటి జబ్బులు కూడా చాలామందిని తీసుకుపోయాయి. కాబట్టి మాత్రలు మానవద్దని, దోమతెర లేకుండా పడుకోవద్దని, ఎర్రమట్టి రోడ్లమీద బండి జోరుగా నడపవద్దని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పండి.

ప్రమాదం దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లో గుమురుక్ దగ్గర ఐరాస వాహనాలకు కాపలాగా వెళ్తున్న ఐదుగురు భారత సైనికులు మెరుపుదాడిలో పోయారు. అలాగని వెళ్లినవాళ్లలో చాలా చాలా ఎక్కువమంది ఏడాది పూర్తిచేసుకుని, కాస్త నల్లబడి, స్వాహిలీలోనో అరబ్బీలోనో నాలుగు మాటలు నేర్చుకుని, పతకంతో ఇంటికొస్తారు. మా ఊరి బాబాయ్ అలాగే వచ్చాడు. ఆయన పెట్టెలో పతకం పక్కన, ఆ ఊరి పిల్లలు చేసిచ్చిన తీగ బొమ్మ కారు ఒకటి ఉంది. దానిమీద కూడా తెల్లరంగు వేసి, నల్ల రంగుతో రెండు ఇంగ్లిషు అక్షరాలు రాశారు.